తీసినవారి సంతకం

“ఆదివారం ఆరూ పదికి సంచులు పెట్టానని రిజిస్టర్‌లో రాశారు. ఇవాళ పొద్దున ఇన్‌స్పెక్టర్‌కేమో అసలు పెట్టనే లేదన్నారు. తాతా, ఈ రెంటిలో ఏది అబద్ధం?”

గ్రౌండ్ తాత అంటే ఆ క్లబ్ మైదానం చూసుకునే ముసలాయన. స్టోర్ రూములో బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పాత బంతికి ఊడిపోయిన తోలు ముక్కని బొటనవేలితో నొక్కిపెడుతున్నాడు. వేలు తీయగానే అది మళ్ళీ లేస్తోంది.

గడియారమ్మ చేతిగడియారం చూసుకుంది. రెండూ ఇరవై. పోలీసు శాఖలో ఇరవై రెండేళ్ళు చేసి, పైవాళ్ళతో పొసగక బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆవిడ. ఎవరేం చెప్పినా ముందు “ఎన్నింటికి?” అని అడగడం వల్ల ఆ పేరొచ్చింది. కాఫీ బాగుందా అంటే కూడా ఎన్నింటికి పెట్టావని అడుగుతుందని ఆవిడ చెల్లెలు ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

ఈ కేసులో వేళలన్నీ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. ఆదివారం ఉదయం ఏడూ ఇరవయ్యారుకి, పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో, ఉత్తరం వైపు గోల్ పోస్ట్ ముందుకి తిరగబడింది. జట్టంతా పిచ్చుక అని పిలుచుకునే పదకొండేళ్ళ గోల్‌కీపర్ దాని కింద పడింది. ఇవాళ మంగళవారం. ఆ పిల్ల ఇంకా కళ్ళు తెరవలేదు.

అది నేలలో పాతిన గోల్ పోస్ట్ కాదు, అటూ ఇటూ జరుపుకునేది. వెనక కమ్మీ మీద పాతిక కిలోల ఇసుక సంచులు నాలుగు బరువు పెడితేనే నిలబడుతుంది. బరువు లేకపోతే, బంతి కోసం ఎగిరిన పిల్ల పై కమ్మీ పట్టుకున్నా మీదికొస్తుంది. ఆదివారం జరిగింది అదే. ఆ నాలుగు సంచులూ స్టోర్ రూములో దొరికాయి. వాటిని పెట్టాల్సినవాడు తాత.

నాలుగింటికి క్లబ్ కమిటీ ముందు తాత తన వాంగ్మూలం మీద సంతకం చేస్తాడు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ జీపు ఎక్కిస్తాడు. ఇరవై ఆరేళ్ళ చాకిరీ అక్కడితో సరి.

“మర్చిపోయానమ్మా,” అన్నాడు తాత చివరికి. “ముసలాణ్ణి కదా.”

“మర్చిపోయినవాళ్ళు ఇంత గట్టిగా చెప్పరు తాతా. పెట్టానేమో, లేదేమో అని నసుగుతారు. సరే, అది వదిలేయండి. ఆ మూల రెండు పాత సంచులున్నాయే, అవి మీరు సర్దినవేనా?”

“నేనే. మూతి గోడ వైపుకి పెడతాను. బయటికుంటే వచ్చేపోయేవాళ్ళ కాలికి తాడు తగిలి ఊడిపోతుంది.”

“మరి ఈ నాలుగూ?”

ఆ నాలుగు సంచులూ తలుపు పక్కనే పడేసి ఉన్నాయి. మూతులు తలో దిక్కుకి. ఒకటి మైదానం మూలల్లో పాతే జెండాల కట్ట మీదే పడి రెండు కర్రల్ని విరగ్గొట్టింది. మిగతా గది అంతా అద్దంలా సర్ది ఉంది. పంపులు మేకులకి, విజిళ్ళు డబ్బాలో, చిన్న సైజు బూట్లు చిన్న అరలో, పెద్దవి పెద్ద అరలో.

గడియారమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఒక సంచిని తన్నుకొచ్చే ఆయాసంతో పక్కకి దొర్లించింది. అడుగున ఎర్రగా ఒక గీత, దాన్ని అడ్డంగా కోస్తూ సగం గీత. రెండోదానికీ అంతే. నాలుగింటికీ అంతే.

సంచి ఎక్కడుండాలో అక్కడ గడ్డి మీద, గ్రౌండ్ గీతలు గీసే పొడితో ఇంటూ మార్కు వేయడం తాత అలవాటు. గోల్ పోస్ట్ ఏ వారమూ అంగుళం జరగకూడదని ఆయన పట్టుదల. ఆవిడ రిజిస్టర్ తెరిచి పైకి చదివింది. “ఆదివారం, ఐదూ యాభై. తెల్ల పొడి అయిపోయింది. ఎర్ర పొడితో గుర్తులు వేశాను. మీ చేతిరాతే కదా?”

తాత తల వంచుకున్నాడు.

“శనివారం దాకా తెల్ల పొడి. ఎర్ర పొడి వాడింది ఆదివారం పొద్దున ఒక్కసారే. అంటే ఈ సంచులు ఆ పొద్దున గోల్ పోస్ట్ దగ్గర ఉన్నాయి. మీరు పెట్టారు. ఇంకెవరో తెచ్చి ఇక్కడ పడేశారు. చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అబద్ధాలాడేవాళ్ళని చాలామందిని చూశాను. చెయ్యని తప్పు నెత్తినేసుకునే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను.”

“నేను చెయ్యలేదని మీకెలా తెలుసమ్మా?” అన్నాడు తాత. ఆ మాటలో ఎదిరింపు లేదు, అలసటే ఉంది. గడియారమ్మకి ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది గాని, అప్పటికి అర్థం కాలేదు.

ఆవిడ స్టోర్ రూము నుంచి గోల్ పోస్ట్ దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఎనభై నాలుగు. గోల్ పోస్ట్‌ని మళ్ళీ నిలబెట్టి, ఈసారి చుట్టూ తాడు కట్టారు. వెనక కమ్మీ కింద గడ్డిలో నాలుగు ఎర్ర గుర్తులు సగం చెరిగి ఉన్నాయి. ముందు వైపు, పిల్ల పడిన చోట గడ్డి నలిగి ఉంది. ఎవరిదో చిన్న గ్లవ్ ఇంకా అక్కడే పడి ఉంది. ఆవిడ దాన్ని తీసి, మట్టి దులిపి, సంచీలో పెట్టుకుంది. అది సాక్ష్యం కాదు. అయినా అలా వదిలేయబుద్ధి కాలేదు.

“పొడి ఏరుకుంటున్నారా మేడమ్?”

ఇన్‌స్పెక్టర్. పన్నెండేళ్ళ కిందట ఆవిడ కింద పని నేర్చుకున్నవాడు. మీసం వచ్చింది, పొట్ట వచ్చింది, ఆవిడ ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఇప్పటికీ తెలియదు.

“రెండూ యాభైకి వచ్చావు,” అందావిడ. “ఒంటిగంటకి వస్తానన్నావు.”

“ఆయన ఒప్పుకున్నాడు మేడమ్. ఇక రావడానికేముంది?”

ఆవిడ సంచుల సంగతి చెప్పింది. అతను ఓపిగ్గా విని, “పొడి స్టోర్ రూములో చిమ్మి ఉండొచ్చు,” అన్నాడు.

“చిమ్మితే మరకవుతుంది. నాలుగు సంచులకీ ఇంటూ మార్కు అంటదు.”

“సరే, ఎవరో తీశారనే అనుకుందాం. ముప్ఫై ఎనిమిది మందిని అడిగాను. పిల్లల అమ్మానాన్నలు, కమిటీ, రిఫరీ. ఒక్కరూ చూడలేదు.”

“వంద కిలోల ఇసుక, ఎనభై నాలుగు అడుగులు, పట్టపగలు. ముప్ఫై ఎనిమిది మందిలో ఒక్కరూ చూడలేదంటే, అందరూ కూడబలుక్కుని చూడలేదన్నమాట. అది నీకు తట్టలేదా?”

అతని మొహం ఎర్రబడింది. “తట్టింది. కాని రెండు రోజులుగా పైనుంచి ఫోన్లు. పిల్ల ఆసుపత్రిలో ఉంది, ఎవరో ఒకర్ని చూపించమంటున్నారు.”

“ఎవరో ఒకర్ని కాదు తమ్ముడూ. మొదటి రోజే నేర్పాను నీకు.”

“నేర్పారు. నేర్పి మీరు బయటికి వెళ్ళిపోయారు. నేను అందులోనే ఉన్నాను.”

ఆ దెబ్బ సరిగ్గా తగిలింది. అతను అన్నదాంట్లో న్యాయం ఉందని ఆవిడకీ తెలుసు. బయట నిలబడి నీతులు చెప్పడం తేలికే. “నిజమే,” అంది మెల్లగా. “రా, ఇంకొక్క చోటు చూసి పోదాం. ఇరవై నిమిషాలు.”

క్లబ్ ఆఫీసు గదిలో పొడుగాటి బల్ల, తొమ్మిది కుర్చీలు ఉన్నాయి. గోడకి ఫ్రేము కట్టిన నియమాల పట్టిక. పిల్లల భద్రతకి సంబంధించి పద్నాలుగు నియమాలు, మూడేళ్ళ కిందట రాసినవి, కింద సెక్రటరీ సంతకం. సెక్రటరీ అంటే పిచ్చుక నాన్నే. రిజిస్టర్ కూడా ఆయన తయారుచేసిందే. స్కేలు పెట్టి గీసిన గీతలు. పెట్టినవారు, వేళ, సంతకం. తీసినవారు, వేళ, సంతకం. మూడేళ్ళ పేజీలు తిప్పింది గడియారమ్మ. పెట్టినవారి గడిలో ప్రతి వారం తాత ఉన్నాడు. తీసినవారి గడిలో సాయంత్రం ఆరుకి మళ్ళీ తాతే. మధ్యాహ్నం లోపు ఎవరూ ఏదీ తీసినట్టు ఒక్క రోజూ లేదు.

ఆదివారం తొమ్మిదింటికి ఆసుపత్రి వరండాలోంచి ఆవిడకి ఫోన్ చేసింది ఆ సెక్రటరీయే. “పొద్దున సంచులున్నాయి. నా కళ్ళారా చూశాను. తీసిందెవరో నాకు కావాలి మేడమ్,” అన్నాడు. ఆ గొంతు ఇంకా ఆవిడ చెవిలో ఉంది.

నియమాల పట్టిక పక్కన జట్టు ఫోటోలు వరసగా ఉన్నాయి. ఏటా సీజన్ మొదటి మ్యాచ్ రోజు, ఆట మొదలయ్యే ముందు తీసినవి. అన్నీ ఉత్తరం గోల్ పోస్ట్ ముందే. ఎండ మొహాల మీద పడేది అటే.

“మూడేళ్ళ కిందట నియమం వచ్చింది,” అంది గడియారమ్మ. “అప్పట్నుంచి మూడు ఫోటోలు. పిల్లల కాళ్ళ సందుల్లోంచి వెనక కమ్మీ కనిపిస్తోంది. సంచులు చూపించు.”

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వంగాడు. మొదటి ఫోటో, రెండోది, మూడోది. “లేవు. ఫోటోకి అడ్డమని పక్కన పెట్టి ఉంటారు...” అని ఆగిపోయాడు. తను అన్న మాట తనకే వినిపించింది.

“నాలుగో మేకు ఖాళీగా ఉంది. ఈ ఏడు ఫోటో ఏది?”

అతను గొంతు సవరించుకున్నాడు. “అమ్మానాన్నల ఫోన్ గ్రూపులో ఆరూ యాభై ఎనిమిదికి ఒక ఫోటో వచ్చింది మేడమ్. ఎనిమిదీ యాభైకి ప్రెసిడెంట్ దాన్ని తొలగించాడు. ఒకావిడ ఫోన్‌లో ఆ తొలగించిన గుర్తు చూశాను. మామూలే అనుకున్నాను.”

“ఆంబులెన్స్ వెళ్ళిన గంటకి ఫోటో తీసేయడం మామూలా?” ఆవిడ గొంతు పెంచలేదు. “ఆ ఫోటో తీసినదెవరో ఈ గోడ మీదే ఉంది చూడు. మూడు ఫోటోల్లోనూ ప్రెసిడెంట్ ఉన్నాడు, కోచ్ ఉన్నాడు, కమిటీ అంతా ఉంది. చివర తాళంచెవుల గుత్తితో తాత కూడా ఉన్నాడు. లేనిదెవరు?”

అతను వేలితో ఒక్కొక్క మొహాన్నీ లెక్కపెట్టాడు. వేలు ఆగింది. “సెక్రటరీ.”

“ఫోటోలో ఎప్పుడూ లేనివాడే ఫోటో తీసేవాడు.”

కిందటేడు ఫోటోలో ముందు వరసలో పిచ్చుక ఉంది. చేతుల కంటే పెద్ద గ్లవ్స్, నోరంతా నవ్వు. సరిగ్గా ఫోటో తీసే క్షణానికే కళ్ళు మూసుకుంది. గడియారమ్మ ఆ ఫ్రేము మీది దుమ్ముని చేత్తో తుడిచింది. ఇరవై రెండేళ్ళలో ఎందరి పేర్లో కనిపెట్టింది, ఏ పేరూ ఇంత బరువనిపించలేదు.

మూడూ నలభైకి తాత నీళ్ళ పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. జీపు ఎక్కడానికి సిద్ధమైపోయిన మనిషిలా ఉన్నాడు.

“ఫోటో ఎన్నింటికి తీశారు తాతా?”

ఆయన పంపు కట్టేశాడు.

“ఆరూ యాభై రెండమ్మా. సెక్రటరీ బాబు ఫోన్‌లో చూస్తూ వెనక్కి నడుస్తూ, ఆ సంచులు అసహ్యంగా ఉన్నాయి, కాస్త తీసి స్టోర్ రూములో పడేయండి అన్నారు. ఏటా అంటారు. ఏటా ఫోటో అవగానే నేను మళ్ళీ పెట్టేస్తాను. ఈ ఏడు ఫోటో కాగానే, ఎదుటి జట్టు వ్యాను వెనక గేటు దగ్గర ఇరుక్కుందని నన్ను తాళంతో పంపారు. నేనొచ్చేసరికి ఏడూ ఐదు. ఆట మొదలైపోయింది.”

“సంచులు లేవని చూశారా?”

“చూశాను.” ఆయన తడి చేతులు దులుపుకున్నాడు. “ఆట ఆపమందామనుకున్నాను. బయటివాళ్ళ ముందు సెక్రటరీ బాబుకి చిన్నతనం అవుతుందని ఆగాను. ఏడున్నరకి హాఫ్ టైమ్ కదా, అప్పుడు పెట్టేద్దామని పక్కనే నిలబడ్డాను. నాలుగు నిమిషాలమ్మా. ఇంకో నాలుగు నిమిషాలు ఆగి ఉంటే...”

నేను చెయ్యలేదని మీకెలా తెలుసు అన్న మాటకి అర్థం ఇదన్నమాట. గడియారమ్మకి ఆయన భుజం మీద చెయ్యి వేయాలనిపించింది. వేసింది కూడా.

“కమిటీకి తెలుసా?”

“తెలియకేం? ప్రెసిడెంట్ గారే రెండు సంచులు మోశారు. ఈ సంగతి బయటికొస్తే సెక్రటరీ బతకడు, అందరం నోరు మూసుకుందాం అన్నారు. బాబు కోసమే అన్నారు. వాళ్ళ కోసం కూడా అనుకోండి. కళ్ళు తెరవని కూతురి పక్కన కూర్చున్న మనిషికి, ఇది నీ మాట వల్లే అయిందని ఎవరు చెప్తారమ్మా? మీరు చెప్తారా? నాకు ముందూ వెనకా ఎవరూ లేరు. నేను పోతాను. జైల్లో కూడా గడ్డి పెరుగుతుంది, కోసుకుంటూ ఉంటాను.”

“మీరు జైలుకి పోతే, వచ్చే ఏడు ఫోటో అయ్యాక సంచులు తిరిగి ఎవరు పెడతారు తాతా?”

ఆయన గ్రౌండ్ వైపు చూశాడు. రెండు రోజులుగా గట్టిగా బిగబట్టుకున్నదేదో వదిలేసినట్టు పంపు గట్టు మీద కూలబడ్డాడు.

నాలుగింటికి కమిటీ కూర్చుంది. ఎనిమిది మంది వచ్చారు, తొమ్మిదో కుర్చీ సెక్రటరీది. ప్రెసిడెంట్ వాంగ్మూలం కాగితాన్ని తాత ముందుకి జరిపి, పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. చెడ్డవాడిలా లేడు. రెండు రాత్రులు నిద్రలేక కళ్ళ కింద చారలు పడ్డాయి. “మా తాతే. ఏదో వయసు. కోర్టులో దయ చూపించమని మేమే రాసిస్తాం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో.

“ఆగండి,” అంది గడియారమ్మ. “ఆరూ యాభై రెండుకి మీరెక్కడున్నారు ప్రెసిడెంట్ గారూ?”

ప్రెసిడెంట్ ఆవిడ వైపు చూసి, గొంతు తగ్గించి, “మీకు తెలిసిపోయిందా?” అన్నాడు. “అయితే దయచేసి ఇక్కడితో వదిలేయండి. మిమ్మల్ని పిలిపించింది ఆయనే. ఆయనకే చెప్తారా? ఆ పాపం మూటగట్టుకుంటారా?”

“పాపం అంటారా? తిలాపాపం తలా పిడికెడు అని పంచుకున్నారు మీరంతా. పంచగా మిగిలిందంతా ఈయన దోసిట్లో పోశారు.”

తలుపు తెరుచుకుంది.

సెక్రటరీ నిలబడి ఉన్నాడు. ఆదివారం వేసుకున్న క్లబ్ టీషర్టే ఒంటి మీద ఉంది. ఫోన్ చేతిలో ఉంది. అందరూ లేచారు.

“మూడూ ఐదుకి కళ్ళు తెరిచింది,” అన్నాడు.

ఎవరో ఏడ్చేశారు. తాత రెండు చేతులూ మొహానికి కప్పుకున్నాడు. గడియారమ్మకి కూడా కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు.

“నన్ను చూసి మొదట ఏమందో తెలుసా?” అన్నాడాయన. “నాన్నా, ఈసారైనా ఫోటోలో నా కళ్ళు తెరిచి ఉన్నాయా అంది. చూపిద్దామని ఫోన్ తీసి చూస్తే, వెనక సంచులు లేవు. రెండు రోజుల్నుంచీ ఆ ఫోటో తెరవలేదు నేను.” ఆయన గడియారమ్మ వైపు తిరిగాడు. “తెరవకూడదని ఆదివారమే తెలుసేమో. మీరు ఇంకెవరి పేరో చెప్తారేమో అని పిలిచాను మేడమ్. ఇంకెవరైనా అయితే బాగుండునని.”

ఆవిడ సంచీలోంచి చిన్న గ్లవ్ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, బల్ల దగ్గరికొచ్చి, వాంగ్మూలం కాగితాన్ని పక్కకి తోసి రిజిస్టర్ ముందుకి లాక్కున్నాడు. ఆదివారం పేజీ. తీసినవారి గడి. మూడేళ్ళ కిందట తను స్కేలు పెట్టి గీసిన గడి. పేరు రాశాడు. వేళ దగ్గర ఆరూ యాభై రెండు అని రాశాడు. సంతకం పెట్టాడు.

“బాబూ,” అన్నాడు తాత, లేచి వచ్చి. “కింద నాకో గీత ఉంచు. ఏడూ ఐదుకి చూశాను, ఆట ఆపలేదు. అది రాసుకోవాలి.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సెక్రటరీ పెన్ను ఆయనకిచ్చి, రాయడం అయ్యేదాకా రిజిస్టర్ కదలకుండా పట్టుకున్నాడు.

ప్రెసిడెంట్ కుర్చీ వెనక్కి జరిపాడు. మరో ఇద్దరు కూడా లేచారు. ఇన్‌స్పెక్టర్ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఈసారి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలిసింది. వాంగ్మూలం కాగితం తీసి నిలువుగా చింపాడు.

“కూర్చోండి సార్,” అన్నాడు. “ఒక్కో సంచి పాతిక కిలోలు. నాలుగూ సెక్రటరీ గారొక్కరే మొయ్యలేదుగా. పేజీలో ఇంకా చాలా చోటుంది.”